ఎడమకు చుట్టిన తోక

లా ఫెర్రియేర్, పెర్ష్ సీమ
అక్టోబరు 1835, ఆదివారం

తమ్ముడు అన్సెల్మ్‌కు,

దీవెనలు చివర్లో రాస్తాను. ముందు ఒక సంగతి అడుగుతాను, అటూ ఇటూ తిప్పకుండా చెప్పు.

నిన్న సంతలో ఫుల్జాన్స్ నాకో బొమ్మ కొనిపెట్టాడు. ఫుల్జాన్స్ ఎవరో నీకు తెలుసు, వంతెన దగ్గర గుర్రాలకు లాడాలు కొట్టే ఆయన, వచ్చే నెల నీకు కొత్త బావ కాబోతున్నవాడు. బొమ్మలవాడు దండెం మీద బట్టలారేసినట్టు తన సరుకంతా తాడుకు వేలాడదీశాడు. పునీతుల బొమ్మల మధ్య పారిస్ గుర్రాల సంత బొమ్మ ఒకటుంది. ముందు వరసలో ఒక బూడిదరంగు గుర్రం, వెనకనుంచి గీసింది. అడుగున నీ పేరు. "మీ తమ్ముడి చేతి పనట, గోడకు పెట్టుకో" అన్నాడు ఫుల్జాన్స్. దారిపొడుగునా ఎదురొచ్చిన ప్రతివాళ్లకీ చూపించి మురిసిపోయాను.

ఇంటికొచ్చి పొయ్యి పక్కన గోడకు కొట్టాను. సూపు కలుపుతూ తల ఎత్తితే ఆ గుర్రం తోక కనబడింది. గరిటె సూపులో పడిపోయింది.

మన సీమలో అమ్మకానికి తోలే గుర్రానికి తోకను గడ్డితో కలిపి జడేసి పైకి చుడతారని నీకు చెప్పక్కర్లేదు. ఎవరు చుట్టినా ఆ చుట్ట కుడికే తిరుగుతుంది. మీ బావ సొస్తెన్ ఒక్కడే ఎడమకు చుట్టేవాడు, ఎడమచేతి వాటం కాబట్టి. చివరి గడ్డిని లోపలికి తోయకుండా ఇంత పొడుగు బయటికి వదిలేవాడు. సంతంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

నీ బొమ్మలో చుట్ట ఎడమకుంది. గడ్డి బయటికుంది.

కలరాకు ముందటి చలికాలం మన గుర్రం బ్లాన్షెట్‌ను అమ్మడానికి పారిస్ తోలుకెళ్లిన మనిషి తిరిగి రాలేదు, గుర్రమూ రాలేదు. కలరాలో ఆయన పోయాడని రాసింది నువ్వు. మరి ఈ తోక ఎవరు కట్టారు? ఎప్పుడు గీశావు, ఎవరిని చూసి గీశావు? వచ్చే ఆదివారం చర్చిలో, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని, మా పెళ్లి రెండో ప్రకటన చదువుతారు. మొగుడు బతికుండగా ఇంకొకణ్ణి చేసుకుంటే ఇక్కడ జైలు. పైన ఏముందో ఫాదరీ గారిని అడగడానికే నోరు రావడం లేదు. వెంటనే రాయి.

అక్క ఒనొరీన్


పారిస్
అక్టోబరు చివర

అక్కయ్యకు,

నడుం పడిపోయేలా కూర్చుని గీసిన బొమ్మలో నీకు కనబడింది తోక ఒక్కటేనా? మా కొట్టు యజమాని లెక్కలో రెండు కాళ్ల మీద లేవని గుర్రం అసలు గుర్రమే కాదు. ముక్కుల్లోంచి పొగ రావాలి, వెనక ఫిరంగి పేలాలి, పైన ఈకల టోపీవాడు కత్తి దూయాలి. నాలుగు కాళ్లూ నేలమీద ఉన్న బండిగుర్రాన్ని గీస్తానంటే జ్వరం వచ్చిందేమోనని నా నుదురు పట్టుకు చూశాడు. బతిమాలి బామాలి గీశాను. అది మా అక్క ఇంటి గోడ మీదికి చేరిందని ఆయనకు చెప్పుకున్నాను కూడా.

భయపడకు. మాది రాతి అచ్చు పని. పలక మీద జిడ్డు సుద్దతో గీసి, దానిమీద కాగితం పరిచి నొక్కుతాం. రాతి మీద కుడికున్నది కాగితం మీద ఎడమకు వస్తుంది. నీకు ఎడమకు కనబడిన చుట్ట అసలు గుర్రానికి కుడికే ఉంది, లోకంలో అందరి గుర్రాల్లాగే. అంతే సంగతి.

బావ విషయం మళ్లీ తవ్వకు. ఆస్పత్రి ఆవరణలో వరసగా పడుకోబెట్టిన శవాల మధ్య ఆయన నీలం జుబ్బా చూశాను. చాకిరేవులో వేరేవాళ్లవాటితో కలిసిపోకుండా మెడపట్టీ లోపల నువ్వు కుట్టే ఎర్రదారం చూశాను. చనిపోయాడన్న కాగితం మీద సంతకం నేనే పెట్టాను. ఇక గుర్రం సంగతంటావా, బావ దిగిన సత్రంవాళ్లు కలరాకు భయపడి తాళాలు కూడా వేయకుండా పారిపోయారు, ఎవడో తోలుకుపోయాడు. ఇవన్నీ అప్పుడే రాశాను.

హాయిగా పెళ్లి చేసుకో. కొత్త బావకు నా నమస్కారాలు. సంతలో కొనకపోతే బొమ్మ నేనే ఊరికే ఇచ్చేవాణ్ణి అని చెప్పు.

నీ తమ్ముడు అన్సెల్మ్


లా ఫెర్రియేర్
నవంబరు మొదట్లో

అన్సెల్మ్,

నా చెవిలో పువ్వులు పెట్టకు.

నీ ఉత్తరం ఫుల్జాన్స్‌కు చదివి వినిపించాను. ఆయన బొమ్మ దింపి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు. చాలాసేపు చూసి, "అన్నీ తిరగబడితే ఈ బండివాళ్లందరూ కొరడా ఎడమచేత్తో పట్టుకోవాలి కదా, ఒనొరీన్" అన్నాడు. వెళ్లి చూశాను. ప్రతివాడూ కుడిచేత్తోనే పట్టుకున్నాడు. ప్రతివాడూ గుర్రానికి ఎడమ పక్కనే నడుస్తున్నాడు, మన ఊళ్లో నడిచినట్టే. వెనక సారాకొట్టు బోర్డు మీద అక్షరాలు నాలాంటిది కూడా చదవగలిగేలా ఉన్నాయి. మరి ఒక్క తోకే తిరగబడిందా?

అప్పుడు నా అద్దం గుర్తొచ్చింది. నా పెళ్లికి అమ్మ ఇచ్చిన చేతి అద్దం. నువ్వు పారిస్ వెళ్తూ అడిగావు. మీసమైనా రాలేదు, నీకెందుకురా అద్దం అంటే ఏమన్నావు? చిత్తుబొమ్మను అద్దంలో చూసుకుంటూ రాతిమీదికి ఎక్కిస్తే అచ్చులో అన్నీ ఉన్నవి ఉన్నట్టే పడతాయక్కా అన్నావు. మర్చిపోయావా? నేను మర్చిపోలేదు, నాకు అద్దం లేకుండా పోయింది కాబట్టి. నువ్వు అన్నీ సరిగ్గానే గీశావు, తోకతో సహా. ఆ సంగతి తెలిసే నాకు కథ చెప్పావు.

ఎందుకు చెప్పావు? నువ్వూ మీ బావా ఒకే బల్ల దగ్గర కూర్చుని తాగినవాళ్లు. ఆయనకు రాయడం రాదు, ఆ చలికాలమంతా "గుర్రం ఇంకా అమ్ముడుపోలేదు, ధర రావడం లేదు" అని ఆయన తరఫున ఉత్తరాలు రాసింది నువ్వే. జుబ్బా చూశానంటున్నావు, ఎర్రదారం చూశానంటున్నావు. అప్పటి ఉత్తరం కూడా తీసి చదివాను. అందులోనూ అంతే. మొహం చూశానని ఎక్కడా లేదు.

మొహం చూశావా?

రెండో ప్రకటన చదవొద్దని ఫాదరీ గారికి చెప్పి వచ్చాను. ఎందుకమ్మా అంటే ఒంట్లో బాగాలేదన్నాను. ఊరంతా ఇప్పుడు నా కడుపు వైపు చూస్తోంది.

ఒనొరీన్


పారిస్
నవంబరు

అక్కయ్యకు,

చూడలేదు. మొహం మీద గుడ్డ కప్పి ఉంది, ఎత్తడానికి చెయ్యి రాలేదు. మెడ దగ్గర మాత్రం ఎత్తి చూశాను. వెనక నలుగురు ముక్కుకు గుడ్డ కట్టుకుని తొందర పెడుతున్నారు. నా స్థానంలో ఉండి ఉంటే నువ్వు ఎత్తేదానివేమో.

అద్దం సంగతి నిజమే. నీ మొదటి ఉత్తరం చదవగానే చిత్తుబొమ్మ తీసి చూశాను, అందులోనూ చుట్ట ఎడమకే ఉంది. నీ పెళ్లి చెడకూడదని ఆ ముక్క రాసేశాను. ఈలోగా కనుక్కుందామనుకున్నాను. నువ్వు ఇంత తొందరగా పట్టేస్తావనుకోలేదు.

ఈ వసంతంలో సంత గోడవార బల్ల మీద కూర్చుని గీశాను. గుర్రాన్ని వెనకనుంచి మాత్రమే చూశాను, ఎవరు తోలారో చూడలేదు. బొమ్మలో పక్కనున్న బండివాడు ఇంకో రోజు గీసిన ఇంకో మనిషి. మా పనిలో అలా అతకడం మామూలే. అంతసేపు ఆ తోక గీశాను, ఒక్కసారి కూడా నాకు బావ గుర్తుకు రాలేదు. పొయ్యి దగ్గర నిలబడి నువ్వు పట్టేశావు. దానికి నేను ఎంత సిగ్గుపడుతున్నానో నీకు చెప్పలేను.

ఇంకొకటి కూడా రాస్తాను, కోపం తెచ్చుకోకు. సొస్తెన్ తోక ఎటు తిప్పేవాడో ఈ లాడాల ఫుల్జాన్స్‌కు ఎందుకింత పట్టింపు? కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి కొరడాలు చూసే తీరిక పెళ్లికొడుక్కి ఎక్కడిది? వెనక్కి తగ్గడానికి సాకు వెతుక్కుంటున్నాడేమో చూసుకో.

ప్రతి శనివారం సంతకు వెళ్తాను. ఏదైనా తెలిస్తేనే రాస్తాను.

అన్సెల్మ్


లా ఫెర్రియేర్
డిసెంబరు, గుర్రాల దీవెన పండుగ మర్నాడు

అన్సెల్మ్,

నువ్వు రాయలేదు. ఆగమన కాలం వచ్చేసింది, ఇక క్రిస్మస్ వెళ్లేదాకా ఏ పెళ్లీ లేదు. ఆ వంకతో ఊరి నోళ్లు కాస్త మూతపడ్డాయి.

నిన్న పండుగకు సీమలో గుర్రాలన్నీ చర్చి ముందుకొచ్చాయి. ఫాదరీ గారు నీళ్లు చల్లుతుంటే అందరూ గుర్రాల మొహాలు చూశారు, నేను వెనక నడుస్తూ తోకలు చూశాను. అన్నీ కుడికే. పిల్లలు నా వెనకపడి నవ్వారు. ముసలి కరోన్ గారు "ఏమ్మా, తోక చూసి మొగుణ్ణి ఎంచుకుంటున్నావా" అన్నాడు. ఆయనకు సంగతి తెలియదు. తెలిసి ఉంటే ఆ మాట అనేవాడు కాదు.

ఫుల్జాన్స్ మీద నీ అనుమానం నాకూ వచ్చింది. దాచను. ఒకరోజు దుకాణానికి వెళ్లి మొహం మీదే అడిగాను. ఆయన సుత్తి కింద పెట్టి, "ఆయన బతికి ఉంటే నీ మొగుడు ఆయనే, ఆయన చోట నేను కాలు పెట్టలేను. అది తేలకుండా నిన్ను చర్చికి తీసుకెళ్లలేను. తేలేదాకా మాత్రం ఇక్కడే ఉంటాను" అన్నాడు. మళ్లీ సుత్తి ఎత్తాడు. ఇంతకంటే పెద్ద మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

నా మీద నాకే అనుమానంగా ఉంది. సొస్తెన్ బతికే ఉండాలని కోరుకుంటున్నానా, లేదా అని. పొద్దున ఒకలా ఉంటుంది, దీపం పెట్టేసరికి ఇంకోలా ఉంటుంది. నవ్వించేవాడు. చెప్పకుండా పోయేవాడు, చెప్పకుండా వచ్చేవాడు. ఈసారీ అలాగే పోయాడేమోనని ఏడ్చినన్ని రోజులూ మనసులో ఒక మూల అనుకున్నాను.

దొరికితే నా దగ్గరికి పంపకు. నువ్వు చూసింది నాకు రాయి చాలు. మంచిదైనా, చెడ్డదైనా, నీ చేత్తో సరిచేయకుండా రాయి.

ఒనొరీన్


పారిస్
క్రిస్మస్ వెళ్లాక

అక్కయ్యకు,

నిలబడి ఉంటే కూర్చుని చదువు.

ఇన్ని శనివారాలు సంతలో తోకల వెనకే తిరిగాను. నన్ను దొంగ అనుకుని ఒకడు మెడపట్టుకున్నాడు కూడా. మొన్న మంచు కురుస్తుంటే జనం పల్చగా ఉన్నారు. నీళ్ల పీపా బండి ఒకటి గోడవార ఆగి ఉంది. కట్టిన గుర్రం బూడిదరంగు, వయసు మళ్లుతోంది. తోకకు గడ్డి, చుట్ట ఎడమకు.

ఎవడో బేరగాడు ధర అడిగాడు. బండి దగ్గరున్న ఆడమనిషి అమ్మకానికి కాదంది. మరి గడ్డెందుకు కట్టావని వాడు విసుక్కున్నాడు. "ఇలాగే కట్టాలని నేర్పారు, కడతాను" అంది. వాడు తిట్టుకుంటూ పోయాడు.

ఈసారి నేను ముందునుంచి వెళ్లాను. గుర్రం నన్ను చూసి మెడ చాచి, నా కోటు జేబులో మూతి పెట్టింది. మనింట్లో యాపిల్ కోసం పెట్టినట్టే. అది బ్లాన్షెట్, అక్కా. నేను అక్కడే నడిరోడ్డు మీద ఏడ్చేశాను.

ఆవిడ నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. "మీరు ఆయన బావమరిది. ఆస్పత్రి గేటు దగ్గర చూశాను. మీరొచ్చారని నేను పక్కకు తప్పుకున్నాను" అంది. పేరు జెలీ. తోళ్లు శుద్ధిచేసే వీధి వెనక ఉంటుంది, ఇళ్లకు నీళ్లు మోస్తుంది, విధవ. చెంప మీద కాలిన మచ్చ ఉంది. మాట తక్కువ.

బావ పోయాడు. దాంట్లో ఇక అనుమానం లేదు. నేను చూడని మొహం ఆవిడ చూసింది. కళ్లు ఆవిడే మూసింది. చలి వేస్తోందంటే ఆ నీలం జుబ్బా తనే తొడిగానంది. మెడ దగ్గర ఎర్రదారం ఏమిటని అంతకుముందోసారి అడిగిందట. "మా ఆవిడ గుర్తు. నేను తప్పిపోతే పట్టుకోవడానికి" అన్నాడట. ఆ దారం గురించి ఇంకెవరికీ తెలిసే వీలు లేదు.

సత్రం డబ్బు కట్టలేక ఆ చలికాలం మధ్యలోనే ఆవిడ ఇంటికి మారాడు. నాకు చెప్పలేదు. నాతో ఉత్తరం రాయించుకోవడానికి సారాకొట్టుకే వచ్చేవాడు, నేనూ సత్రంలోనే ఉన్నాడనుకున్నాను. ప్రతి శనివారం గడ్డి కట్టి గుర్రాన్ని సంతకు తోలేవాడట. ఎవరైనా అడిగితే ఎవరూ ఇవ్వలేనంత ధర చెప్పేవాడట. సాయంత్రం గడ్డి విప్పుతూ వచ్చే వారం అమ్మేసి ఊరెళ్లిపోతానని అనేవాడట. గుర్రాన్ని అమ్మలేక ఆగాడో, ఇంకెందుకు ఆగాడో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇల్లంటే ఒకటే గది, అక్కా. ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. నువ్వు సరిచేయకుండా రాయమన్నావు.

గుర్రం మీ అక్కదే, తీసుకెళ్లండి అంది. అంటూనే బండి పట్టీలు విప్పడం మొదలుపెట్టింది. ఆ గుర్రం పోతే పీపా తన భుజాన మోసుకోవాలి. నేను ఆపాను. మా అక్క మాట వచ్చేదాకా ఉంచండి అన్నాను. ఏం చెప్పమంటావు? ఆవిడ ఎలా ఉంటుందో చూడాలనుంటే బొమ్మ గీసి పంపుతాను.

అన్సెల్మ్


లా ఫెర్రియేర్
జనవరి చివర

తమ్ముడు అన్సెల్మ్‌కు,

దీవెనలు. ఈసారి మొదట్లోనే రాస్తున్నాను.

నీ ఉత్తరం కూర్చునే చదివాను. తర్వాత లేచి నా సంతాపపు నల్లబట్టలన్నీ పెట్టెలోంచి తీసి నేలమీదికి విసిరేశాను. ఆయన కోసం ఎన్నాళ్లు కట్టుకున్నానో తలుచుకుంటే ఒళ్లు మండిపోయింది. కాసేపటికి మళ్లీ ఏరి మడతపెట్టాను. బట్ట మంచిది.

"నేను తప్పిపోతే పట్టుకోవడానికి" అన్నాడా. చూశావా, ఆ మనిషి ఇప్పటికీ నన్ను నవ్విస్తున్నాడు. నవ్వొస్తే కోపం వస్తోంది.

ఫుల్జాన్స్‌కు అంతా చెప్పాను. గుర్రాన్ని తెమ్మంటే నడిచైనా వెళ్లి తోలుకొస్తానన్నాడు. వద్దన్నాను. ఆ చుట్ట ఎడమకు వేయడం నేర్చుకున్నది ఆవిడ. నేను ఆయనతో కాపురం చేసినన్నాళ్లూ దాన్ని చూసి నవ్వాను తప్ప, ఒక్కసారి చేతిలోకి తీసుకుని చుట్టలేదు. గుర్రం ఆవిడ దగ్గరే ఉండనీ. నా మాటగా చెప్పు. ఈ సీమ గుర్రానికి చలికాలం ఓట్స్ గింజలతో పాటు కాస్త తవుడు తడిపి పెట్టాలని కూడా చెప్పు. అమ్మకానికి కాని గుర్రానికి గడ్డి కట్టకూడదని చెబుదామనుకున్నాను. చెప్పకులే. కట్టుకోనీ.

నిన్ను అనుమానించాను, ఆ మాట కాదనను. నువ్వు ముందు అబద్ధం రాశావు, అదీ మర్చిపోను. పెళ్లిలో నీ కుర్చీ బల్ల చివర, పిల్లల పక్కన వేస్తాను. ఈస్టరు ముందటి తపస్సు కాలం రాకముందే పెళ్లి. నిన్న చర్చిలో రెండో ప్రకటన చదివారు. ఫాదరీ గారు నావైపు చూసి ఒక్క క్షణం ఆగారు. నేను తల ఊపాను.

వస్తూ నా అద్దం పట్టుకురా. పెళ్లికూతురికి అద్దం కావాలి, రెండోసారైనా సరే.

ఆవిడ బొమ్మ పంపనా అని అడిగావు. గీసి, అచ్చువేసి తీసుకురా, అద్దం లేకుండా గీయి. చెంప మీద మచ్చ ఉందన్నావు, ఏ చెంపో రాయలేదు. రాయకు, అచ్చులో అది రెండో చెంపకు మారిపోనీ. ఎప్పుడైనా ఏ సంతలోనో ఎదురుపడితే, పక్కనుంచి వెళ్లినా సరే, నేను ఆవిణ్ణి గుర్తుపట్టకూడదు.

మీ అక్క ఒనొరీన్